పిల్లాడి బరువు తగ్గించక్కర్లేదు, ఆపితే చాలు

హైదరాబాద్ నుంచి ఒక తల్లి అడిగిన ప్రశ్న ఇది. బాబుకి తొమ్మిదేళ్లు, ఎత్తు 132 సెంటీమీటర్లు, బరువు 41 కిలోలు. స్కూల్లో హెల్త్ చెకప్ చేసి ఒబేసిటీ అని కాగితం రాసి పంపారు. అత్తగారేమో "ఎదిగే పిల్లాడు, పొడుగు సాగితే ఒళ్లు అదే తీస్తుంది" అంటున్నారు. క్లాసులో బోండాం అని పిలుస్తున్నారని వాడు స్కూలుకి పోనని ఏడుస్తున్నాడు. డైట్ చార్ట్ ఇవ్వండి, అన్నం మానిపించి చపాతీలు పెట్టమంటారా, థైరాయిడ్ టెస్ట్ చేయించమంటారా అని అడుగుతున్నారు.

అమ్మా, డైట్ చార్ట్ నేను ఇవ్వను. గుంటూరులో ఇరవై మూడేళ్లుగా పిల్లల డాక్టర్‌గా ఉన్నాను, మొదటి ఏడెనిమిదేళ్లు నేనూ రాసిచ్చాను చార్టులు, పొద్దున రెండు ఇడ్లీ, పదకొండింటికి ఒక జామకాయ, మధ్యాహ్నం ఒక కప్పు అన్నం, ఇట్లా. ఆ కాగితం నెల రోజులు ఫ్రిజ్ తలుపు మీద ఉండేది, ఆ నెల రోజులూ ఇంట్లో గొడవ ఉండేది, తర్వాత కాగితం చిరిగిపోయేది, బరువు మాత్రం ఇంకో కిలో పెరిగి ఉండేది. చార్ట్ అనేది పిల్లాడి మీద పెట్టే పని. తొమ్మిదేళ్లవాడు సరుకులు తేడు, వంట చెయ్యడు, నూనె పొయ్యడు, స్కూల్ టైమింగులు పెట్టడు. వాడి చేతిలో లేని దానికి వాణ్ణి బాధ్యుణ్ణి చేస్తే ఎట్లా?

ముందు లెక్క చూద్దాం. 41ని 1.32తో ఒకసారి, వచ్చిన దాన్ని మళ్లీ 1.32తో భాగిస్తే 23.5. ఇదే బీఎంఐ. చాలామంది నాన్నలు ఇక్కడే తప్పులో కాలేస్తారు, "నాకే 27 ఉంది సార్, వాడిది 23యే కదా" అని. పిల్లలకు ఆ కొలబద్ద పనికిరాదు, వయసును బట్టి గీత జరుగుతుంటుంది. డబ్ల్యూహెచ్‌ఓ చార్టులో తొమ్మిదేళ్ల మగపిల్లాడికి మధ్య గీత 16 దగ్గర ఉంటుంది, 18 దగ్గర అధిక బరువు మొదలు, ఇరవైన్నర దాటితే ఊబకాయం. మన దేశపు పిల్లల కోసం ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2015లో వేసిన చార్టులు కూడా ఉన్నాయి, అందులో చూసినా మీ బాబు పై గీత దాటే ఉంటాడు. కాబట్టి స్కూలు వాళ్ల కాగితం తప్పేం కాదు.

అయితే మీ అత్తగారి మాట కూడా పూర్తిగా కొట్టిపారెయ్యకండి, అందులో సగం నిజం ఉంది, ఆ సగమే మీకు వైద్యం. ఈ వయసు పిల్లాడు ఏడాదికి ఐదారు సెంటీమీటర్లు సాగుతాడు. బరువు 41 దగ్గరే ఆగిందనుకోండి, వచ్చే ఏడాదికి 138 సెంటీమీటర్లు అయితే బీఎంఐ 21.5, ఆ పై ఏడాది 144 అయితే 19.8. పదకొండేళ్లకు ఊబకాయం గీత ఇరవై రెండున్నర దగ్గరికి జరిగి ఉంటుంది. అంటే ఒక్క కిలో కూడా తగ్గకుండా రెండేళ్లలో వాడు ఆ గీత కిందికి వచ్చేస్తాడు. బరువు అచ్చంగా 41 దగ్గరే నిలబడదనుకోండి, ఏడాదికి ఒక కిలో పెరిగినా ఫర్వాలేదు, దారి అదే. పెద్దావిడ మాటలో తప్పు ఎక్కడుందంటే, పొడుగు సాగడం దానంతట అది జరుగుతుంది, బరువు ఆగడం మాత్రం దానంతట అది జరగదు.

బాగా ఎక్కువ బరువున్న పిల్లలకు, అంటే పదమూడేళ్లకే 85, 90 కిలోలు ఉన్నవాళ్లకు, జబ్బులు మొదలైనవాళ్లకు నిజంగానే తగ్గించాల్సి వస్తుంది, అది డాక్టర్ చూస్తూ ఉండగా చెయ్యాల్సిన పని. మీ బాబు సంగతి ఇంకా అంతదాకా రాలేదు.

ఇక థైరాయిడ్. నా దగ్గరికి వచ్చే ప్రతి పది మందిలో తొమ్మిది మంది ఈ రిపోర్ట్ చేతిలో పట్టుకునే వస్తారు. ఒక చిన్న గుర్తు చెబుతా. హార్మోన్ల తేడా వల్ల లావయ్యే పిల్లలు సాధారణంగా పొట్టిగా ఉంటారు, ఎత్తు ఆగిపోయి బరువు మాత్రం పెరుగుతూ ఉంటుంది. తిండి వల్ల లావయ్యే పిల్లలు తోటివాళ్లంత ఎత్తో, ఇంకాస్త ఎక్కువో ఉంటారు. మీ బాబు ఎత్తు వయసుకి తగ్గట్టే ఉంది. కిందటేడాది కంటే ఐదారు సెంటీమీటర్లు పెరిగాడంటే థైరాయిడ్ గురించి టెన్షన్ అక్కర్లేదు. ఇంకో విషయం, లావుగా ఉన్న పిల్లల్లో టీఎస్‌హెచ్ (థైరాయిడ్ టెస్టులో చూసే అంకె) కొద్దిగా ఎక్కువ రావడం మామూలే, అది చాలాసార్లు బరువు వల్ల వచ్చిందే గానీ బరువుకి కారణం కాదు. రిపోర్టులో ఆ ఒక్క అంకె ఎర్రగా కనపడగానే మాత్రలు మొదలుపెట్టేసి "ఇక మందు వేస్తున్నాం, తగ్గుతాడు" అని తిండి సంగతి వదిలేసిన ఇళ్లు నాకు తెలుసు.

నన్నడిగితే థైరాయిడ్ కన్నా ముందు వాడి మెడ వెనక చూడండి. మెడ చుట్టూ, చంకల్లో చర్మం నల్లబడి, కాస్త మందంగా, ముట్టుకుంటే ముఖమల్ గుడ్డలా ఉందా? చాలామంది అమ్మలు అది మురికి అనుకుంటారు, సున్నిపిండి పెట్టి, కొబ్బరి పీచు పెట్టి రుద్దుతారు, పాపం పిల్లాడి మెడ కందిపోతుంది గానీ ఆ నలుపు పోదు. అది మురికి కాదు, ఒంట్లో ఇన్సులిన్ సరిగ్గా పని చెయ్యక, దాన్ని శరీరం ఎక్కువెక్కువగా తయారు చేస్తోందనడానికి గుర్తు. మెడ నల్లబడి ఉండి, మీ ఇంట్లో షుగర్ ఉన్నవాళ్లుంటే (మన తెలుగు ఇళ్లలో లేనిదెక్కడ) పరగడుపున షుగర్, మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ, కొలెస్ట్రాల్, లివర్‌కి సంబంధించిన ఏఎల్‌టీ, ఇవి ఒకసారి చేయించండి. ఫ్యాటీ లివర్ తాగేవాళ్లకే వస్తుందనుకునే రోజులు పోయాయి, పదేళ్ల పిల్లల్లో చూస్తున్నాం. బీపీ కూడా చూపించండి, పిల్లాడి చేతికి సరిపడా పట్టీతో. రాత్రిళ్లు గట్టిగా గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగినట్టై ఉలిక్కిపడుతున్నాడా, తుంటి దగ్గరో మోకాలి దగ్గరో నొప్పని కుంటుతున్నాడా, ఈ రెండింట్లో ఏది ఉన్నా ఆలస్యం చెయ్యకండి. ముఖ్యంగా కుంటడం. "బరువుకి కాళ్లు నొప్పులులే" అని సరిపెట్టుకోవద్దు, తుంటి ఎముక జారే జబ్బు ఒకటుంది, దానికి వెంటనే ఎక్స్‌రే తీయించి చూడాలి.

ఇప్పుడు అసలు పని. ఒక నోట్‌బుక్ తీసుకుని మూడు రోజులు, అందులో ఒకటి ఆదివారం అయ్యేట్టు చూసుకుని, వాడి నోట్లోకి వెళ్లేదంతా రాయండి. ఏదీ ఆపకండి, తిట్టకండి, ఊరికే రాయండి. పాలు, అందులో పౌడర్ ఎన్ని చెంచాలు, పంచదార ఎన్ని చెంచాలు, బిస్కెట్ ప్యాకెట్, తాతగారు తెచ్చిన చాక్లెట్, అన్నీ. ఇల్లు మొత్తానికి ఈ సంగతి చెప్పి అందరితోనూ రాయించండి, లేకపోతే సగం రాదు.

ఎందుకంటే ఈ నోట్‌బుక్‌లో నాకు దాదాపు ప్రతిసారీ కనపడేది ఒకటే, మూడు పూటల భోజనం దగ్గర పెద్ద తప్పేం ఉండదు. అమ్మలు అన్నం మీద పడి ఏడుస్తుంటారు గానీ బరువంతా సాయంత్రం నాలుగుకీ ఏడుకీ మధ్య వస్తుంది. ఒక బాబు సంగతి చెబుతాను. అమ్మ ఉద్యోగం, నాన్న ఉద్యోగం, స్కూల్ నుంచి ఆటో అతను తెస్తాడు. దారిలో బేకరీ దగ్గర ఆపి రోజూ ఒక ఎగ్ పఫ్, ఒక కూల్ డ్రింక్, నెలకోసారి నాన్నగారు లెక్క కట్టేస్తారు. ఇంటికి రాగానే నాన్నమ్మ పాలల్లో మాల్ట్ పౌడర్ మూడు చెంచాలు కలిపి, అది చప్పగా ఉంటుందని మళ్లీ పంచదార వేసి ఇస్తుంది, పఫ్ సంగతి ఆవిడకు తెలియదు. ఆరింటికి ట్యూషన్ ముందు "ఏమీ తినలేదు" అని అమ్మ ఆఫీసు నుంచి వస్తూ పుణుగులు కట్టించుకొస్తుంది, పాల సంగతి ఆవిడకు తెలియదు. ఎవరికి వారు ప్రేమగా ఒక్కసారే పెట్టారు, వాడు మాత్రం మూడుసార్లు తిన్నాడు. రాత్రి ఎనిమిదికి అన్నం సరిగ్గా తినట్లేదని మళ్లీ నా దగ్గర కంప్లైంట్!

250 మిల్లీలీటర్ల మామూలు కోలాలో 26 గ్రాముల దాకా పంచదార ఉంటుంది, టీ చెంచాతో ఐదుకి పైనే. రోజు మొత్తానికి ఆ మాత్రం దాటకపోతే మంచిదని డబ్ల్యూహెచ్‌ఓ చెప్పేది. తార్నాకలో ఉన్న మన జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల్లో కూడా లెక్క దాదాపు అంతే. అంటే ఆ ఒక్క సీసాతోనే ఆ రోజు కోటా అయిపోయింది. పౌడర్ డబ్బా వెనక్కి తిప్పి చదవండి, వంద గ్రాములకు "యాడెడ్ షుగర్స్" ఎంత అని, కొన్నిటిలో మూడో వంతు దాకా పంచదారే కనపడుతుంది. ఇలాంటి వాటిని హెల్త్ డ్రింక్ అనే విభాగంలో పెట్టి అమ్మొద్దని ఆన్‌లైన్ షాపులకు కేంద్రం 2024లో చెప్పింది కూడా. పౌడర్ మానేస్తే పొడుగు పెరగడేమో అని భయపడకండి, పొడుగు డబ్బాలో రాదు. స్కూలు గేటుకి యాభై మీటర్ల లోపు ఉప్పు, కొవ్వు, పంచదార ఎక్కువున్న తిళ్లు అమ్మకూడదని ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2020లోనే రూల్ పెట్టింది, సీబీఎస్‌ఈ 2025లో స్కూళ్లలో షుగర్ బోర్డులు పెట్టమంది, మంచిదే, కానీ గేటు బయట బండతను ఆ రూల్ చదివినట్టు నాకెక్కడా కనపడలేదు.

కాబట్టి నాలుగింటికి ఒక్కటే పూట, ఒక్కరే పెట్టాలి, కడుపు నిండేట్టు పెట్టాలి. స్కూల్లో పదకొండున్నరకో పన్నెండుకో లంచ్ అయిపోతుంది, నాలుగింటికి వాడికి నిజంగానే ఆకలేస్తుంది, ఆ టైంలో రెండు ఖర్జూరాలు, నాలుగు బాదం పెట్టి సరిపెడితే తర్వాత బిస్కెట్ డబ్బా ఖాళీ చేస్తాడు. శనగలో బొబ్బర్లో ఉడికించి తాలింపేసిన గుగ్గిళ్లు, పెసరట్టు, ఉడికించిన గుడ్డు, మొక్కజొన్న పొత్తు, లేదంటే మధ్యాహ్నం చేసిన పప్పుతో కాస్త అన్నమే పెట్టండి, తప్పేం లేదు. పక్కన పల్చటి మజ్జిగ. జ్యూస్ వద్దు, పండుగానే తినాలి. ఒక బత్తాయి తింటే ఆకలి తీరుతుంది, నాలుగు బత్తాయిలు పిండిన గ్లాసు రెండు నిమిషాల్లో లోపలికి పోయి ఇంకేమైనా ఉందా అంటుంది.

అన్నమా చపాతీనా అన్నారు. ఏదైనా ఒకటే, చపాతీ మీద వేసే నూనెని మర్చిపోయి "అన్నం మానేశాం సార్" అంటారు అంతే. కంచంలో కొలత మార్చండి, సగం కూర, ఆకుకూర ఉండాలి, అన్నం పావు వంతు, మిగతా పావు గుడ్డో చికెనో చేపో గట్టి పప్పో. మన కంచంలో అన్నం కొండంత, కూర నంజుకోవడానికి గోరంత, ఆ కొండని కిందికి దించడానికే ఆవకాయ, పొడి, నెయ్యి. కూర మొదట వడ్డించి, అన్నం తర్వాత పెట్టి చూడండి, తేడా మీకే తెలుస్తుంది. నెయ్యి మొత్తం మానక్కర్లేదు, ఒక చెంచా చాలు. నూనె మాత్రం నెలాఖరుకి సీసాలు లెక్కపెట్టండి, నలుగురున్న ఇంట్లో నెలకి మూడు లీటర్ల చిల్లర దాటిందంటే పిల్లాడొక్కడిదే కాదు, మీ అందరి సమస్యా. పాలు రోజుకి రెండు గ్లాసులు చాలు, అవి కూడా టోన్డ్ పాలు. ఫుల్ క్రీమ్ ప్యాకెట్‌లో కొవ్వు ఆరు శాతం, టోన్డ్‌లో మూడు శాతం, అర లీటరు దగ్గర పదిహేను గ్రాముల కొవ్వు తేడా, అంటే పెద్ద చెంచాడు నూనె ప్రతిరోజూ, ఎవరికీ తెలియకుండానే.

వాడొక్కడికే వేరే వంట వద్దు. ఇది గట్టిగా చెబుతున్నా. చెల్లెలు చిప్స్ తింటుంటే వీడు కీరా ముక్కలు తినాలంటే ఏ పిల్లాడు ఊరుకుంటాడు? చెల్లెలు సన్నగా ఉంది కదా అంటారు, సన్నగా ఉన్నంత మాత్రాన చిప్స్ ఆరోగ్యం అయిపోవు. ఇంట్లోకి తేకపోతే గొడవే లేదు, తెచ్చి అల్మరా పైన దాస్తే కుర్చీ వేసుకుని తీస్తాడు, దొంగతనంగా తినడం నేర్చుకుంటాడు. పుట్టినరోజు కేకు, సంక్రాంతి అరిసెలు, పెళ్లి భోజనం, వీటికి అడ్డు చెప్పకండి, హాయిగా తిననివ్వండి. ఏడాదికి పదిహేను రోజుల పండగలు పిల్లల్ని లావు చెయ్యవు. ఇంకో మాట, ఎంత తినాలో వాడి కడుపు చెబుతుంది, కంచంలో మెతుకు వదలకూడదన్న నియమం కొన్నాళ్లు పక్కన పెట్టండి, కావాలంటే మొదటే తక్కువ వడ్డించండి. ఫోన్ చూపిస్తూ ముద్దలు పెట్టడం తొమ్మిదేళ్లకు కూడా జరుగుతోందంటే ఈ రాత్రి నుంచే ఆపాలి, స్క్రీన్ ముందు కూర్చున్నవాడికి కడుపు నిండిన సంగతి తెలియదు.

ఆట గురించి. రోజుకి గంట, చెమట పట్టేట్టు, అదీ లెక్క. కరాటే క్లాసు వారానికి రెండు రోజులు అంటారు, అందులో సగం టైం వరుసలో నిలబడటమే. స్కూల్ సంగతి నాకు తెలుసు, మూడంతస్తుల బిల్డింగ్, మైదానం లేదు, పీఈటీ పీరియడ్ లెక్కల సార్‌కి రాసిచ్చేశారు, ఫౌండేషన్ కోర్సు పేరుతో సాయంత్రం దాకా కూర్చోబెడతారు. పేరెంట్స్ మీటింగ్‌లో ర్యాంక్ గురించి అడిగేవాళ్లే గానీ ఆ పీరియడ్ ఏమైందని అడిగే నాన్నని నేనింతవరకూ చూడలేదు, మీరు అడగండి. అపార్ట్‌మెంట్ కింద సైకిల్, షటిల్, దాగుడుమూతలు, లిఫ్ట్ బదులు మెట్లు, ఏదైనా సరే. ఆట వల్ల తిన్నదంతా కరిగిపోతుందని మాత్రం అనుకోవద్దు, అరగంట నడకతో ఒక పఫ్ చెల్లు కాదు. ఆట ఎందుకంటే ఆకలి దారిన పడుతుంది, నిద్ర పడుతుంది, మనసు బాగుంటుంది, స్క్రీన్ ఆ గంటసేపు ఆగుతుంది. నిద్ర సంగతి ఎవరూ అడగరు, ఈ వయసుకి తొమ్మిది గంటలకు తక్కువ కాకూడదు, పదకొండింటికి పడుకుని ఆరింటికి లేచే పిల్లాడికి మర్నాడు తీపి మీదే ధ్యాస ఉంటుంది.

ఇప్పుడు బోండాం సంగతి, నాకు అన్నిటికన్నా ముఖ్యం ఇదే. చాలా ఏళ్ల కిందట పదకొండేళ్ల పాపని తీసుకొచ్చారు, నేను అందరి ముందే "ఏమ్మా, కొంచెం నోరు కట్టుకోవాలి" అన్నాను, నవ్వుతూనే అన్నాను. ఆ పాప మర్నాటి నుంచి లంచ్ బాక్స్ స్నేహితులకు ఇచ్చేసి ఖాళీ డబ్బా ఇంటికి తెచ్చేది, రాత్రి అందరూ పడుకున్నాక వంటింట్లో చేతికందింది తినేది. నాలుగు నెలల తర్వాత ప్రార్థన టైంలో కళ్లు తిరిగి పడిపోయిందని తీసుకొస్తే అప్పుడు తెలిసింది, బరువు అప్పటికి ఐదు కిలోలు పెరిగింది. ఆ తప్పు నాదే. అప్పటి నుంచి బరువు మాట పిల్లల్ని బయట కూర్చోబెట్టే మాట్లాడుతున్నాను. మీ ఇంట్లో కూడా లావు, పొట్ట, డైటింగ్ అనే మాటలు వాడి చెవిన పడనివ్వకండి, మేనమామ సరదాకి అన్నా సరే ఆపండి. క్లాస్ టీచర్ దగ్గరికి మీరిద్దరూ వెళ్లి ఆ పేరుతో పిలవడం ఆపించమని అడగండి, ఇది చిన్న విషయం కాదు, ఏడుపు దిగమింగుకునే పిల్లలు ఎక్కువ తింటారు.

మిల్లెట్ ప్రోటీన్ పౌడర్లు, స్లిమ్మింగ్ టీలు, అరవై రోజుల ఆన్‌లైన్ ప్యాకేజీలు, దేనికీ డబ్బులు పెట్టకండి. ఇప్పుడందరూ అడుగుతున్న బరువు తగ్గించే ఇంజెక్షన్లకు అమెరికాలో కూడా పన్నెండేళ్లు నిండిన వాళ్లకే అనుమతి ఉంది, అదీ ఊబకాయం ఉంటేనే, డాక్టర్ పర్యవేక్షణలో.

ఇంకా చిన్నపిల్లలున్న అమ్మలు కూడా చదువుతుంటారు కాబట్టి రెండు ముక్కలు. ఐదేళ్ల లోపు పిల్లల్లో అధిక బరువు దేశం మొత్తం మీద 2.1 శాతం నుంచి 3.4 శాతానికి పెరిగిందని 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది, చిన్న అంకెలా ఉంది గానీ పెరుగుతున్న దారి మంచిది కాదు. మన దగ్గర బొద్దుగా ఉంటేనే ముద్దు, కొలత అదొక్కటే. ముఖ్యంగా తక్కువ బరువుతో పుట్టిన పిల్లలకు "వెనకబడ్డాడు" అని డబ్బా పాలు, నెయ్యి, పంచదార దట్టించి త్వరగా బరువు పెంచితే అది కండగా కాకుండా కొవ్వుగా చేరుతుంది, మన దేశంలో సన్నగా కనపడుతూనే షుగర్ తెచ్చుకునేవాళ్లు ఎక్కువ ఉండటానికి మూలాల్లో ఇదొకటి. ఆరు నెలలు తల్లిపాలే, ఏడాది దాకా ఉప్పు, రెండేళ్ల దాకా పంచదార కలపొద్దు, రెండేళ్ల దాకా స్క్రీన్ వద్దు, అన్నం వద్దని తల తిప్పుకుంటే ఆపెయ్యండి.

మీరు చెయ్యాల్సింది ఒక నెలకి రెండే మార్పులు, అన్నీ ఒకేసారి మొదలుపెడితే పది రోజుల్లో అందరూ చేతులెత్తేస్తారు. ముందు సాయంత్రం తిండి ఒకరి చేతిలో పెట్టండి, కూల్ డ్రింక్ ఇంట్లోకి రానివ్వకండి. అత్తగారిని శత్రువులా చూడకండి, సాయంత్రం పూట ఇంట్లో ఉండేది ఆవిడే, ఆ గుగ్గిళ్లు చెయ్యగలిగేదీ ఆవిడే, నోట్‌బుక్ ఆవిడ చేతికే ఇవ్వండి. బరువు వారం వారం చూడొద్దు, మిషన్ మీద రోజూ నిలబెట్టొద్దు. మూడు నెలలకోసారి ఎత్తూ బరువూ రెండూ కలిపి కొలవండి. ఎత్తు కొలిచేటప్పుడు చెప్పులు తీయించి, మడమలు గోడకి ఆనించి, తల మీద అట్టముక్క అడ్డంగా పెట్టి పెన్సిల్‌తో గీత గీసి, పక్కన తేదీ రాయండి. మొదటిసారి బరువు 41 మీద ఒక పావు కిలో పెరిగి, ఎత్తు 132 నుంచి 133న్నర దగ్గరికి వస్తే కంగారు పడి నాకు మెసేజ్ పెట్టకండి, అది సరిగ్గానే నడుస్తున్నట్టు లెక్క. మూడు నెలల్లో మూడు కిలోలు పెరిగితే మాత్రం ఆ నోట్‌బుక్ తీసుకుని దగ్గర్లోని పిల్లల డాక్టర్ దగ్గరికి వెళ్లండి.